పిస్టళ్ళు పూజలో ఉన్న రోజు

"నీకు పిస్టల్ ఇవ్వడం కుదరదు," అంది సత్యభామ, ఫైల్లోంచి తల ఎత్తకుండా.

"ఎందుకు మేడమ్?"

"వెనక్కి తిరిగి చూడు."

అచ్యుత్ తిరిగి చూశాడు. గోడ వారన పెద్ద పీట. పీట మీద ఆరు పిస్టళ్ళు, రెండు కార్బైన్లు, ఒక వైర్‌లెస్ సెట్టు. అన్నిటికీ పసుపు, కుంకుమ, చామంతిపూలు. పక్కనే ఆర్మరీ గార్డు చిక్కమునియప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ సర్వీసు. ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా లెక్కచెయ్యడు.

"ఆయుధపూజ సార్. రేపు పొద్దున పూజ ఎత్తేదాకా ఎవరూ ముట్టేదానికి లేదు," అన్నాడు. "ముట్టినారంటే సంవత్సరమంతా గురి తప్పుతాది."

ఇదీ మన దేశభద్రత. బెంగళూరు పీణ్యలో, ఇనుము చెక్కే లేతు షాపు ఒకదాని మీద మూడు గదులు, పేరు లేని డిపార్ట్‌మెంటు, బోర్డు లేని తలుపు. ఆ మూడు గదులకీ సత్యభామ చీఫ్. ఆవిడ గొంతు పెంచగా ఎవరూ వినలేదు. పెంచాల్సిన అవసరం రాకుండానే జనం చచ్చేవాళ్ళు.

2006వ సంవత్సరం, మధ్యాహ్నం పన్నెండున్నర.

"ఆపరేషన్ చెప్తాను, మధ్యలో అడ్డురాకు," అంది ఆవిడ. "జిగణిలో ఒక ఫ్యాక్టరీ నుంచి మిస్సైల్ దారి తప్పకుండా చూసే గైరోస్కోప్ డ్రాయింగులు పోయాయి. ఒక్క డిస్కు. దొంగ ఎవరో తెలీదు. ఆ డిస్కు ఈ సాయంత్రం చేతులు మారుతుంది, రాత్రి ఫ్లైట్‌లో దేశం దాటుతుంది. ఎక్కడ మారుతుందో చెప్పేది ఒక్కడే. సముద్రం అవతల కూర్చున్నవాడు. వాళ్ళందరూ మాస్టర్ అంటారు. నాలుగింటికి చందాపుర దగ్గర ఒక ఇంటికి కాల్ చేస్తాడు."

"ఫోన్ ట్యాప్ చెయ్యొచ్చుగా."

"మామూలు ఫోన్ కాదు. ఇంటర్నెట్ ఫోన్ అడాప్టర్. సబ్బుపెట్టెంత ఉంటుంది. దానికి మామూలు ఫోన్ తగిలిస్తే చాలు, కాల్ మొత్తం ఇంటర్నెట్‌లోంచి వస్తుంది. మన ఎక్స్‌ఛేంజ్‌కి కనబడదు, మనకి వినబడదు." సత్యభామ ఫైలు మూసింది. "ఇవాళ పొద్దుట్నుంచి ఆ అడాప్టర్ కనెక్ట్ కావడం లేదు. వాళ్ళు బ్రాడ్‌బ్యాండ్ కంపెనీకి కంప్లైంట్ ఇచ్చారు. కంపెనీవాళ్ళు ఎప్పుడూ చెప్పేదే చెప్పారు. నలభై ఎనిమిది గంటల్లో మనిషి వస్తాడని."

"ఆ మనిషి నేనే."

"నువ్వు రెండు గంటల్లోనే వెళ్తున్నావు. అదొక్కటే అనుమానం రాగల విషయం."

టేబుల్ మీద కంపెనీ నీలం చొక్కా, టూల్‌బ్యాగ్, చెవికి తగిలించుకునే హెడ్‌సెట్, అగ్గిపెట్టెంత నల్లపెట్టె ఉన్నాయి. ఆ నల్లపెట్టెని రౌటర్‌కీ అడాప్టర్‌కీ మధ్యలో తగిలిస్తే కాల్‌లో ప్రతి మాటా సత్యభామకీ వినబడుతుంది, అచ్యుత్ హెడ్‌సెట్‌కీ వినబడుతుంది.

అచ్యుత్ చొక్కా అందుకున్నాడు. "జెస్సీ ఆ ఇంట్లోనే ఉంది కదా."

"ఉంది. ఫోన్లు చూసేది ఆమే. నాలుగింటి కాల్ అందకపోతే ఇంట్లో ద్రోహి ఉన్నట్టు లెక్క, ఆమెని లేపెయ్యమని వాళ్ళకి ఆర్డర్ ఉంది. నువ్వు ఆ పెట్టె బాగుచేస్తే బతుకుతుంది. కాని నాకు కావలసింది చోటు. రెండిట్లో ఒకటే దక్కేలా ఉంటే ఏది తేవాలో నీకు చెప్పనక్కర్లేదు."

చెప్పనక్కర్లేదు. రెండేళ్ళ కిందట జెస్సీ ఎయిర్‌పోర్టులో అనౌన్స్‌మెంట్లు చదివే అమ్మాయి. ఫ్లైటు మూడు గంటలు లేటని ఆమె చెబితే జనం తిట్టుకోకుండా ఇంకోసారి చెబితే బాగుండుననుకునేవాళ్ళు. ఆ గొంతు కోసమే మాస్టర్ మనుషులు ఆమెని చేర్చుకున్నారు. ఆ విషయం తెలిసి, ఆమెని ఇటు తిప్పినవాడు అచ్యుత్. డిపార్ట్‌మెంట్ ఫైల్లో ఆమె పేరు సంపెంగ. ఆ పేరు తెలిసినవాళ్ళు భూమ్మీద ఇద్దరే, అచ్యుత్, సత్యభామ. ఎం.జి. రోడ్డు మీద ఒక కాఫీ బార్‌లో అచ్యుత్ ఆమెకి మాట ఇచ్చాడు, నీకేమీ కానివ్వనని. ఏజెంట్లు ఇలాంటి మాటలు ఇవ్వకూడదు. ఇచ్చాడు, వెధవ.

*

ఇంటి ముందు టాటా సుమోకి అరటిపిలకలు కట్టి ఉన్నాయి. గడప పక్కన పెద్ద బూడిదగుమ్మడికాయ, ఎనిమిది కిలోలకి తక్కువుండదు. పైన చిన్న ముక్క కోసి లోపల కుంకుమ నింపారు. సాయంత్రం దిష్టి తీసి కొట్టడానికి సిద్ధంగా ఉంది. వాకిలి బార్లా తెరిచి ఉంది.

"ఏమప్పా, నలభై ఎనిమిది గంటలన్నారు?" తలుపులో నిలబడ్డవాడు కదిరప్ప. ఆరడుగుల మనిషి, నుదుటి మీద అడ్డంగా విభూతి. ఆనేకల్ చుట్టుపక్కల మూడు హత్యలు వాడివని డిపార్ట్‌మెంట్ నమ్మకం. నాలుగోది కూడా వాడిదేనని వాడి నమ్మకం.

"పండగ కదన్నా. కంప్లైంట్లు తక్కువ."

"రా. లైటు ఎర్రగానే ఉండాది. నాలుగింటికి పచ్చగా కాలేదంటే నిన్ను కూడా ఇడిసేది లేదు." వాడు నవ్వలేదు. అచ్యుత్ నవ్వాడు, టెక్నీషియన్లు నవ్వాలి కాబట్టి.

హాల్లో సోఫా మీద జెస్సీ కూర్చుని ఉంది. నల్ల షిఫాన్ చీర, స్లీవ్‌లెస్ జాకెట్టు, చెవులకి పొడుగు జుంకాలు. ఎడమ చెంప మీద నాలుగు వేళ్ళ అచ్చు. అచ్యుత్‌ని చూసినా కనురెప్ప కదల్లేదు.

"ఈ పిల్లే ఏందో కెలికినాది. నేను కాదంటాది," అన్నాడు కదిరప్ప.

"ఐ టోల్డ్ యూ, నేను ముట్టుకోలేదు," అంది జెస్సీ.

గోడ పక్కన పీట మీద వీళ్ళ పూజ. సుమో తాళాలు, స్క్రూడ్రైవర్లు, వేటకత్తి, వాటి మధ్య పెద్ద నల్ల పిస్టల్. దానికీ పసుపు, కుంకుమ, చామంతిపూలు. చిక్కమునియప్పని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెడితే తేడా తెలిసేది కాదు.

టైం రెండూ యాభై.

షెల్ఫులో మూడు పెట్టెలు. ఫోన్‌లైన్‌లోంచి ఇంటర్నెట్ తెచ్చే మోడెం, దాన్ని ఇల్లంతా పంచే రౌటర్, చివర అడాప్టర్. మోడెం పచ్చ. రౌటర్ పచ్చ. అడాప్టర్ ఎర్రగా మిణుకుమంటోంది. అచ్యుత్ మూడూ ఆపేశాడు. ముందు మోడెం వేశాడు, నిమిషం ఆగాడు. తర్వాత రౌటర్, ఇంకో నిమిషం. చివర అడాప్టర్. ఆ వరస తప్పితే పెట్టెలు ఒకదాన్నొకటి గుర్తుపట్టవు.

ఎరుపు.

ఆ ముసుగులోనే నల్లపెట్టె తగిలించాడు. "బ్యాక్ ఆఫీస్, టెస్టింగ్," అన్నాడు హెడ్‌సెట్‌లో.

"చెప్పు," అంది సత్యభామ గొంతు.

జెస్సీ లాప్‌టాప్ అడిగి తీసుకుని రౌటర్ లోపలి పేజీ తెరిచాడు. రౌటర్ కొత్తది, బయటినుంచి వచ్చే కాల్స్‌ని తెలియనివాళ్ళలాగా ఆపేసే రకం. అడాప్టర్‌కి వచ్చేది ఏదీ ఆపొద్దని సెట్టింగ్ మార్చాడు. మళ్ళీ మూడు పెట్టెలూ ఆపి, అదే వరసలో వేశాడు.

ఎరుపు. టైం మూడూ ఇరవై అయిదు.

కదిరప్ప కుర్చీ లాక్కుని జెస్సీ ఎదురుగా కూర్చున్నాడు. "నాలుగయినాక ఏం జరుగుతాదో తెలుసు కదా."

"నీ గన్ పూజలో ఉంది," అంది జెస్సీ.

"అవును. రేపటిదాకా ముట్టను. కత్తీ ముట్టను." వాడు రెండు అరచేతులూ చాపి తీరిగ్గా చూసుకున్నాడు. "చేతులు పూజలో పెట్టలేదు గదా."

అచ్యుత్‌కి భయమేసింది, నిజంగానే. ఆ భయంతోనే అడాప్టర్ చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పాడు.

వెనకవైపు అచ్చంగా ఒకేలాంటి రెండు కంతలు. ఒకటి రౌటర్ నుంచి వచ్చే వైరుకి, ఇంకోటి కంప్యూటర్‌కి వెళ్ళే వైరుకి. రెండిటి మధ్య స్పష్టంగా పసుపు బొటనవేలి ముద్ర. వైరు కంప్యూటర్ కంతలో ఉంది.

వంటింటి గుమ్మంలో పనిమనిషి పిల్లమ్మ నిలబడి ఉంది. అరవై ఏళ్ళుంటాయి. ఆమె వేళ్ళు పచ్చగా ఉన్నాయి.

"నీళ్ళు ఇస్తావా అమ్మా," అని అచ్యుత్ వంటింట్లోకి నడిచాడు. గొంతు తగ్గించాడు. "పొద్దున ఆ పెట్టెలు తుడిచావా?"

"తుడిచినా సామీ. దుమ్ము పట్టి ఉన్నాయి. వైర్లన్నీ పీకి తడిగుడ్డతో తుడిచి బొట్టు పెట్టినా. అవీ పనిముట్లే గదా? మళ్ళా ఎట్లుండేది అట్లనే పెట్టినా." ఆమె మొహం వాడిపోయింది. "తప్పాయెనా?"

"ఏం తప్పు లేదు. ఎవరితోనూ అనకు."

మాస్టర్ మూడు దేశాల పోలీసుల్ని తిప్పలు పెట్టినవాడు. వాడి లైనుని తడిగుడ్డతో ఆపేసింది పిల్లమ్మ. ఆ పాపానికి చావబోయేది జెస్సీ.

అచ్యుత్ వైరు మార్చాడు. మోడెం, నిమిషం, రౌటర్, నిమిషం, అడాప్టర్. ఎరుపు మిణుకుమంది. మళ్ళీ మిణుకుమంది. పచ్చగా నిలబడింది.

మూడూ యాభై రెండు.

"మా సర్వర్ ప్రాబ్లం అన్నా," అన్నాడు. "మీ తప్పేం లేదు, మేడమ్ తప్పు కూడా లేదు."

కదిరప్ప ఫోనెత్తి డయల్ టోన్ విన్నాడు. జెస్సీ కళ్ళు మూసుకుని తెరిచింది. ఆ ఇంట్లో అచ్యుత్‌కి ఆమె ఇచ్చిన థాంక్స్ అంతే.

"వరండాలో కూర్చో," అన్నాడు కదిరప్ప. "కాల్ అయ్యేదాకా పోవద్దు. పిల్లమ్మా, నువ్వు పెరట్లోకి పో. ఆ వాకిలి మూసెయ్యి."

"కాయ కొట్టేదాకా వాకిలి మూయకూడదు సామీ," అంది పిల్లమ్మ.

మనుషుల్ని చంపేవాడు కూడా దానికి ఎదురుచెప్పలేదు. వాకిలి తెరిచే ఉంది.

*

నాలుగు కొట్టగానే ఫోన్ మోగింది. అచ్యుత్ గడప పక్కన కూర్చున్నాడు. కిటికీలోంచి జెస్సీ కనబడుతోంది, కిటికీలోంచి ఆమెకి అతనూ కనబడుతున్నాడు.

"బెంగళూరులో ఎండగా ఉందా?" హెడ్‌సెట్‌లో మాస్టర్ గొంతు. పుస్తకాలు చదివి నేర్చుకున్న తెలుగు, ఇస్త్రీ చేసినట్టుంది.

"లేదు. గొడుగు తీసుకెళ్ళండి," అంది జెస్సీ. కోడ్ సరిపోయింది.

"సంతోషం. ఫోను కదిరప్పకు ఇవ్వండి."

ఇచ్చింది. కదిరప్ప రిసీవర్ చెవికి ఆనించుకున్నాడు. "చెప్పండి సామీ."

"ఆ అమ్మాయి మీ పక్కనే ఉన్నదా? ఆమెకు ఇంకొక పేరు కూడా ఉన్నదట. సంపెంగ. వారి కార్యాలయం నుండే మాకు తెలిసినది."

అచ్యుత్ హెడ్‌సెట్‌ని చెవికి నొక్కుకున్నాడు. ఆ పేరు తెలిసినవాళ్ళు ఇద్దరే, తను చెప్పలేదు.

"ముందు ఆమె పని పూర్తి చేయండి. రిసీవర్ కింద పెట్టండి, లైను ఉంచండి. ఆ చప్పుడు నాకు వినబడాలి. తరువాతే చోటు చెబుతాను."

"కదలకు," అంది ఇంకో గొంతు అచ్యుత్ చెవిలో. సత్యభామ. వాతావరణం గురించి చెప్పినంత నింపాదిగా. "లైన్ బతికుండాలి. చోటు చెప్పేదాకా కదలకు. ఆర్డర్."

కదిరప్ప రిసీవర్ టేబుల్ మీద పెట్టాడు. రెండు చేతులూ జెస్సీ మెడ చుట్టూ వేశాడు.

అచ్యుత్ లోలోపల సెకన్లు లెక్కపెడుతున్నాడు. ఒకటి. రెండు. జెస్సీ కాలు టీపాయ్‌ని తన్నింది. నాలుగు. జుంకా ఊడి నేలమీద పడింది. ఆమె కళ్ళు కిటికీ వైపే ఉన్నాయి. అచ్యుత్ కూర్చునే ఉన్నాడు. పదేళ్ళ ట్రైనింగ్, ఆర్డర్ అన్న మాట వింటే కాళ్ళు కట్టేసుకునే ట్రైనింగ్. ఏడు. డిస్కు పోతే రేపు ఎన్ని ప్రాణాలు పోతాయోనని తనకి తానే చెప్పుకున్నాడు. తొమ్మిది. చెప్పుకుంటున్నాడు. పది.

పదకొండో సెకన్లో హెడ్‌సెట్ పీకి అవతల పారేశాడు.

పిస్టల్ లేదు, కత్తి లేదు. గడప పక్కన గుమ్మడికాయ ఉంది. రెండు చేతులా ఎత్తి, తెరిచిన వాకిట్లోంచి మూడంగల్లో దూకి, కదిరప్ప నడినెత్తిన దించాడు.

ఫట్‌మని పగిలింది. తెల్లటి గుజ్జు, ఎర్రటి కుంకుమ నీళ్ళు గోడదాకా చిమ్మాయి. కదిరప్ప తూలి పూజ పీట మీద పడ్డాడు. పీట అంచు కణతకి తగిలింది. నిక్షేపంలాంటి పిస్టల్ వాడి చెయ్యి కిందే ఉంది. పెదాలు కదిలాయి, వేళ్ళు దాని దాకా వెళ్ళి ఆగిపోయాయి. పూజ గుర్తొచ్చిందో, స్పృహ పోయిందో చెప్పడానికి వాడు మళ్ళీ నోరు విప్పలేదు.

టేబుల్ మీద రిసీవర్ పలికింది. "అయినదా?"

అచ్యుత్ అందుకున్నాడు. గొంతు కిందికి దించాడు. "అయిపాయె సామీ."

"తల పగిలినట్టు వినబడినది," అన్నాడు మాస్టర్. మెచ్చుకోలుగా ఉంది గొంతు. "పీణ్య రెండో స్టేజి. సాయంత్రం ఆరు గంటలకు. ఈ రోజు అన్ని షాపులలోనూ యంత్రాలు ఆపి పూజ చేస్తారు. ఒక్క షాపులోనే లేతు తిరుగుతూ ఉంటుంది. లోపలికి వెళ్ళి డిస్కు తీసుకోండి."

లైను కట్టయింది. డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఆ షాపు రెండు వీధుల అవతల.

ఆరుకి పది నిమిషాల ముందు డిపార్ట్‌మెంట్ మనుషులు లాఠీలతో ఆ షాపులోకి దూరారు, పిస్టళ్ళు పూజలోంచి లేవలేదు కాబట్టి. దొంగ డిస్కుని తిరుగుతున్న లేతులో పెట్టి ముక్కలు చెయ్యబోయాడు. డిస్కు దక్కింది. వాడి మూడు వేళ్ళు దక్కలేదు.

*

అదంతా తర్వాతి సంగతి. నాలుగూ అయిదుకి అచ్యుత్ నేలమీద మోకాళ్ళ మీద ఉన్నాడు. జెస్సీ ఊపిరి పీలుస్తోంది, రంపం కోసిన చప్పుడుతో. మాట్లాడబోయింది. పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

పిల్లమ్మ పెరటి గుమ్మంలోంచి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "కాయ వాకిట్లో పగలాల గదప్పా," అంది సన్నగా. తర్వాత కింద కూర్చుని జెస్సీ తల ఒళ్ళో పెట్టుకుంది. "మా ఇంటికి పిల్చుకోని పోతా. అత్తిబెలె దాటినాక మా ఊరు. ఎవురికీ తెలీదు."

"మా ఆఫీసుకి కూడా తెలియకూడదు," అన్నాడు అచ్యుత్. ఒకసారి అమ్మినవాళ్ళు రెండోసారి అమ్మరని నమ్మకమేమీ లేదు. "జెస్సీ, ఇవాళ్టినుంచి నువ్వు చచ్చిపోయావు. అర్థమైందా? నేను వస్తాను. డాక్టర్ని తీసుకొస్తాను. గొంతు వస్తుంది."

జెస్సీ అతని చొక్కా జేబులోంచి పెన్నూ, కంప్లైంట్ స్లిప్పూ లాక్కుంది. "సమస్య పరిష్కారమైంది, కస్టమర్ సంతకం" అని అచ్చేసి ఉన్నచోట వణికే అక్షరాలతో రాసింది.

కిటికీలోంచి చూశాను. కూర్చునే ఉన్నావు.

స్లిప్పు అతని చేతిలో పెట్టి మొహం పిల్లమ్మ కొంగువైపు తిప్పుకుంది. అచ్యుత్ ఆటో తెచ్చి, ఇద్దర్నీ ఎక్కించి, అది మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. ఆమె వెనక్కి చూడలేదు.

*

మర్నాడు విజయదశమి. చిక్కమునియప్ప పూజ ఎత్తి, పిస్టళ్ళు తుడిచి, అందరికీ ప్రసాదం బొరుగులు పంచుతున్నాడు.

"కదిరప్ప?" అంది సత్యభామ.

"ఆస్పత్రిలో ఉన్నాడు మేడమ్. కళ్ళు తెరిచాడు. మనుషుల్ని గుర్తుపట్టడం లేదు."

"జెస్సీ?"

"మీరు విన్నారుగా."

"శవం లేదు," అంది సత్యభామ.

"లేదు మేడమ్."

"నా మీద కోపంగా ఉన్నావు. వాడు నోరు విప్పాలంటే వాడికి నమ్మకం కుదరాలి. నమ్మకానికి ఒక మనిషిని ఇచ్చాను. డిస్కు వచ్చింది." ఆవిడ బొరుగులు రెండు నోట్లో వేసుకుంది. "నువ్వూ పదకొండు సెకన్లు ఆగావు. మంచివాళ్ళు అంతసేపు ఆగరు. ఇంకో పది ఆగి ఉంటే గుమ్మడికాయ దండగయ్యేది కాదు."

అతని జేబులో స్లిప్పు ఉంది. చెయ్యి దాని మీదికి వెళ్ళి ఆగింది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే మండుతోంది.

"సరే, ఫైలు మూసెయ్," అంది సత్యభామ. "వెళ్ళేముందు నా ఇంటర్నెట్ ఫోన్ చూడు. పొద్దుట్నుంచి ఎర్ర లైటే. పదకొండింటికి ఢిల్లీ నుంచి కాల్ వస్తుంది. నేను ఎత్తకపోతే ఈ ఆపరేషన్ నాది కాదని చెప్పడానికి అక్కడ నలుగురు కాచుక్కూర్చున్నారు."

అచ్యుత్ వంగి అడాప్టర్ వెనకవైపు చూశాడు. రెండు కంతలు. మధ్యలో పసుపు బొటనవేలి ముద్ర. గుమ్మం దగ్గర చిక్కమునియప్ప బొరుగులు నములుతూ అమాయకంగా చూస్తున్నాడు. గోడ గడియారంలో పదకొండుకి అయిదు నిమిషాలుంది.

అచ్యుత్ నడుం నిఠారుగా చేశాడు. టూల్‌బ్యాగ్ భుజాన వేసుకున్నాడు.

"కంప్లైంట్ రాయించండి మేడమ్," అన్నాడు. "నలభై ఎనిమిది గంటల్లో మనిషి వస్తాడు."